నలభై ఒకటో ప్రశ్న

సోమవారం పొద్దున్నే మేనేజరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేసరికి ప్రశ్నలమ్మకి అనుమానం వచ్చింది. మామూలుగా అతను నిలబడే రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయే మనిషి.

"మేడమ్, నలభై ఒకటి తీసేద్దామండీ," అన్నాడు, ఆమె కీబోర్డు పక్కనున్న పెన్ను తీసుకుని దాని మూత తీస్తూ, పెడుతూ.

"ఏం నలభై ఒకటి?"

"అదే, వెళ్ళిపోయేవాళ్ళ ప్రశ్న."

ఆమె తెర మీద పేజీని కిందికి జరిపింది గాని, నిజానికి చూడాల్సిన పని లేదు. అరవై రెండు ప్రశ్నలూ, వాటి జవాబులూ ఆమెకి కంఠతా వచ్చు. యాప్‌లు తయారుచేసుకునేవాళ్ళకి తన కంప్యూటర్లలో చోటు అద్దెకిచ్చే కంపెనీ అది. చోటు తీసుకున్నవాళ్ళకి వచ్చే సందేహాలన్నిటినీ ఒక పేజీలో, మామూలు మాటల్లో రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. నా ఫోనులో చక్కగా నడిచే యాప్ మీ దగ్గరికి ఎక్కించగానే ఎందుకు ఆగిపోతోంది? కాసేపు ఎవరూ వాడకపోతే అది నిద్రపోతోంది, మళ్ళీ లేవడానికి అంతసేపెందుకు? పాస్‌వర్డు కోడ్‌లోనే రాసేస్తే ఏమవుతుంది? స్టోర్ వాళ్ళు యాప్‌ని తిప్పి పంపారు, ఇప్పుడేం చెయ్యాలి? ఐదేళ్ళుగా ఇవే. ఆఫీసులో వాళ్ళు మొదట్లో ఆమెని వెనకాల ప్రశ్నలమ్మ అనేవాళ్ళు. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆమె సొరుగు మీద అంటించిన చీటీలోనూ అదే పేరు.

నలభై ఒకటో ప్రశ్న ఇది: నా డేటా మొత్తం తీసుకుని వేరే చోటికి వెళ్ళిపోవడం ఎలా?

దాని కింద ఏడు మెట్లలో జవాబు. పేజీ మొత్తంలో ఆమెకి అన్నిటికన్నా ఇష్టమైనది అదే. వచ్చేవాళ్ళకి అందరూ దారి చూపిస్తారు, వెళ్ళేవాళ్ళకి చూపించడంలోనే మర్యాద తెలుస్తుందని ఆమె అభిప్రాయం. ఆ జవాబులోంచి ఒక్క మాట తీసినా చదివేవాడు తడబడతాడు, ఒక్క మాట కలిపినా విసుక్కుంటాడు. అంత శ్రద్ధగా రాసింది.

"ఆ సౌకర్యం ఎత్తేస్తున్నారా?" అని అడిగింది.

"అబ్బే, లేదండీ. సౌకర్యం ఉంటుంది. పేజీలో మాత్రం వద్దంటున్నారు."

"ఎవరు?"

అతను పెన్నుతో పైకప్పు చూపించాడు. పెద్దవాళ్ళ గదులు పై అంతస్తులో ఉన్నాయి. "పాత ప్లాను శుక్రవారం సాయంత్రంతో ఆపేస్తున్నాం కదా. కొత్త ప్లానుకి మారనివాళ్ళవన్నీ చెరిగిపోతాయి. సరిగ్గా ఇప్పుడే మనం బయటికి దారి చూపిస్తూ కూర్చుంటే అందరూ అటే పోతారని వాళ్ళ బాధ."

"ఎవరైనా అడిగితే?"

"అడిగితే చెబుదాం. మనంతట మనం చెప్పొద్దు. అంతే."

"ఉన్నదాన్ని దాచడమే కదండీ ఇది?"

"మీరు మరీనండీ!" అని అతను నవ్వాడు. చెడ్డవాడేం కాదు, ఆర్నెల్ల కిందటే ఆ కుర్చీలోకి వచ్చాడు, ఇంకా అందులో ఎలా కూర్చోవాలో కుదురుకోలేదు. "ఇంకా అరవై ఒకటి ఉన్నాయి కదా మీకు."

అతను వెళ్ళాక ఆమె రెండుసార్లు మంచినీళ్ళకి లేచింది. దాహం లేదు. కిటికీ పక్కన వంకరగా ఉన్న కుర్చీలు సర్ది వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి ముందు నలభై ఒకటిని తీసేసింది. వెంటనే నలభై రెండు పైకి జరిగి నలభై ఒకటి అయిపోయింది. అక్కడ ఒకటి ఉండేదన్న ఆనవాలే లేదు. అంత సులువుగా అయిపోవడం ఆమెకి నచ్చలేదు.

సాయంత్రం ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెడుతూ ఒకే తువ్వాలుని మూడుసార్లు విప్పి మడిచింది. ఆడపడుచు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ప్రశ్నలమ్మ భర్త లారీ మీద నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లో ఎక్కువ కాలం ఉండేది వీళ్ళిద్దరే. ఆడపడుచు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది.

"ఆ తువ్వాలు నీకేం అపకారం చేసింది వదినా?"

ప్రశ్నలమ్మ చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. వాళ్ళెవరో పైన కూర్చుని, అవసరం ఉన్నవాళ్ళ కళ్ళు కప్పడమేమిటంది. తన చేత్తో తీయించడమేమిటంది.

"తీశావుగా మరి," అంది ఆడపడుచు.

"తీయక?"

"అదేలే. తీసి తిడుతున్నావు. నయం, తీయకుండా తిట్టావు కాదు, ఉద్యోగం పోయేది." అని, తువ్వాలు లాక్కుని తనే మడిచి బీరువాలో పెట్టింది.

*

మంగళవారం పదకొండు గంటలకి ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయి తల పైకెత్తి, "ప్రశ్నలమ్మగారూ, ఈవిడ మీ పేజీ గురించే అడుగుతోంది, నాకు తెలియడం లేదు, మీకే ఇస్తున్నా," అంది.

అవతలి గొంతు తొందరగా, స్పష్టంగా ఉంది. ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తోంది.

"నేను డెవలపర్ని కాదండీ, ముందే చెబుతున్నా. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పిస్తాను. వీడియోలు చూసి నా పేషెంట్ల కోసం చిన్న యాప్ ఒకటి చేసుకున్నాను. మీ దగ్గరే పెట్టుకున్నా. ఆదివారం మీ పేజీలో చూశాను, అన్నీ తీసుకుని వెళ్ళే పద్ధతి. ఇవాళ తీరిగ్గా చదువుకుంటూ చేద్దామని తెరిస్తే లేదు. పొద్దుట్నుంచి వెతుకుతున్నా. నాకే మతిపోయిందేమో అనుకున్నాను."

"పోయింది మీ మతి కాదులెండి," అంది ప్రశ్నలమ్మ. "నిన్న తీసేశారు."

"ఎందుకు?"

ఆమె ఆ మాట దాటేసి, "అందులో ఏముంటాయండీ, మీ యాప్‌లో?" అని అడిగింది.

గొంతులే ఉంటాయి. రెండు వందల పద్నాలుగు మంది వారం వారం పలికిన మాటలు. స్పీచ్ థెరపిస్టు ఆ సంగతి చెబుతున్నప్పుడు తొందర తగ్గింది. ఒక బస్సు కండక్టరు ఉన్నాడు, మూడేళ్ళుగా వస్తున్నాడు. వచ్చిన కొత్తలో నోరు తెరిస్తే ఒక్క 'బ' తప్ప ఏదీ వచ్చేది కాదు. ఇప్పుడు తన పాత రూటులో స్టాపులు వరసగా సగందాకా చెప్పగలడు. కానీ రోజూ ఆ మిగతా సగమే కనిపిస్తుంది అతనికి. నాకు నయం కావడం లేదని మానేస్తానంటాడు. అప్పుడు ఆవిడ ఏమీ మాట్లాడదు. మొదటివారం రికార్డింగు పెడుతుంది. అతను విని, తల పట్టుకుని కాసేపు కూర్చుని, మర్నాడు మళ్ళీ వస్తాడు.

"అందరికీ అంతేనండీ. మందు లేదు నా దగ్గర. ఎక్కణ్ణుంచి బయల్దేరారో వినిపించడమే. అవి పోతే నా చేతులు విరిగిపోయినట్టే. మీ కొత్త ప్లాను నాకు సరిపడదు, మా ఆస్పత్రివాళ్ళు వేరే చోటు ఇస్తామన్నారు. శుక్రవారంలోపు తీసుకెళ్ళాలి."

"రాసుకోండి," అంది ప్రశ్నలమ్మ.

కాగితం చూడకుండా ఏడు మెట్లూ చెప్పింది. ఏ మెనూ తెరవాలి, ఏ పెట్టెలో టిక్కు పెట్టాలి, అంతా కలిపి మూటగా కట్టమని ఎక్కడ అడగాలి, మూట సిద్ధమైందని మెయిల్ వచ్చాక ఏం చెయ్యాలి. అవతల పెన్ను గీసిన చప్పుడు వినబడుతోంది. ఆవిడ పక్క గదిలో ఎవరో అంకెలు లెక్కపెడుతున్నారు, నాలుగు దగ్గర ఆగి, మళ్ళీ ఒకటి నుంచి. చుట్టుపక్కలవాళ్ళకి వినబడేట్టే చెప్పింది ప్రశ్నలమ్మ. మేనేజరు అటుగా వెళుతూ ఒక్క క్షణం ఆగాడు. అడిగితే చెప్పమన్నది అతనే కదా.

"ఎంత బాగా చెప్పారండీ," అంది థెరపిస్టు. "చిన్నపిల్లకి చెప్పినట్టు."

ఆ పూటంతా ప్రశ్నలమ్మకి ఒళ్ళు తేలిగ్గా ఉంది. పైవాళ్ళు తీసేస్తే తీసేశారు, నోట్లోంచి తీసెయ్యలేరు కదా అనుకుంది. సాయంత్రం బస్సులో సీటు దొరికినా నిలబడే వెళ్ళింది.

*

బుధవారం భోజనాల తర్వాత థెరపిస్టు మళ్ళీ ఫోను చేసింది.

"మూట వచ్చిందండీ. విప్పి చూశాను. కానీ పాతవి లేవు."

"పాతవంటే?"

"కిందటేడు నుంచి ఉన్నాయి. అంతకుముందువి లేవు. కండక్టరుగారివి కడపటి యాభై వారాలే వచ్చాయి. మొదటివారం లేదు. ఎవరిదీ మొదటివారం లేదు."

"మీరు మూడోదాంట్లో టిక్కు పెట్టడం మర్చిపోయి ఉంటారు," అంది ప్రశ్నలమ్మ వెంటనే.

"పెట్టానండీ."

"ఇంకోసారి చూడండి. చాలామంది అక్కడే పొరపాటు చేస్తారు."

థెరపిస్టు లైనులోనే ఉండి, ఒక్కో మెట్టూ పైకి చదువుతూ మళ్ళీ మొదటినుంచి చేసింది. ప్రశ్నలమ్మ కూడా తన తెర మీద ఒక ఉత్తుత్తి ఖాతా తెరిచి వెంట వెంట చేసింది. ఆ ఏడు మెట్లూ మొదటినుంచి చివరిదాకా తను ఎక్కి చూడటం అదే మొదటిసారని మధ్యలో ఎక్కడో స్ఫురించింది. ఐదో మెట్టు దగ్గర మూటలో ఎన్ని ఫైళ్ళున్నాయో అంకె కనపడింది. ఖాతాలో ఉన్నవాటికన్నా తక్కువ.

"నేను చూసి చెబుతాను," అని ఫోను పెట్టేసింది.

సర్వర్ల పని చూసేవాడిని అందరూ తాతా అంటారు. నలభై దాటలేదు గాని తల ముగ్గుబుట్ట. అతను కింద అంతస్తులో నేల మీద మఠం వేసుకుని కూర్చుని, వైర్ల కట్టకి రంగుచీటీలు అంటిస్తున్నాడు.

"ఏడాది దాటిన ఫైళ్ళు మూటలోకి రావడం లేదు తాతా. పాడైంది ఏదో."

"పాడవలేదమ్మా. ఎక్కించి ఏడాది దాటినవి పాతసామాన్ల గదిలోకి పోతాయి కదా. చోటు కలిసొస్తుందని రెండేళ్ళ కిందట పెట్టాం. ముందు వాటిని వెనక్కి రప్పించుకోవాలి, ఆ తర్వాత మూట కట్టాలి. లేకపోతే కట్టేవాడికి అవి కనపడవు."

"నాకెవరూ చెప్పలేదే."

తాత చీటీ అంటించడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు. "నేను మెయిల్ పెట్టాను. మీరు పదిహేడో ప్రశ్నలో రాశారు కూడా. పాత ఫైలు తెరిస్తే ఎందుకు ఆలస్యమవుతోంది అని. బాగా రాశారని నేనే అన్నాను."

ఆమె మెట్లెక్కి పైకి వచ్చి పదిహేడు తెరిచింది. ఉంది. ఏడాది దాటిన ఫైళ్ళు వేరే చోట ఉంటాయి, ఒక్కటి తెరవడానికి కాసేపు పడుతుంది, అన్నీ వెనక్కి రావడానికి రెండురోజులు పట్టవచ్చు. తన మాటలే, తన కామాలే. తేదీ రెండేళ్ళ కిందటిది. ఆ రోజు పదిహేడు దిద్దిన చేతికి నలభై ఒకటి గుర్తు రాలేదు.

ఆఖరి మెట్టు కళ్ళ ముందు కదిలింది. ఏడు: అన్నీ వచ్చాయని చూసుకుని, ఇక్కడి ఖాతా మూసెయ్యండి.

మూసిన ఖాతా తొంభై రోజులు అటక మీద ఉంటుంది. ఆ తర్వాత ఉండదు.

గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పాత ప్లాను ఆగిపోతుంది. రెండురోజులంటే నలభై ఎనిమిది గంటలు. ఆమె నిలబడే థెరపిస్టుకి ఫోను చేసింది.

"ముందు ఒక బటను నొక్కాలండీ. ఇప్పుడే. తర్వాత అన్నీ మాట్లాడుకుందాం."

చెప్పినచోట నొక్కాక, వెనక్కి రప్పిస్తున్నాం అన్న మాట తెర మీద వచ్చిందని థెరపిస్టు చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నానికి రావాలి. వస్తే.

"అంటే మీ పేజీ తీసెయ్యకుండా ఉండి ఉంటే నేను నిన్న పొద్దున్నే..."

"నిన్న పొద్దున్నే మీరు మూట కట్టుకుని, ఖాతా మూసేసి వెళ్ళిపోయేవాళ్ళు," అంది ప్రశ్నలమ్మ. "తీసేశారు కాబట్టి ఫోను చేశారు. ఆ జవాబు తప్పండీ. రెండేళ్ళుగా తప్పు."

"మీరేగా రాసింది?" అంది థెరపిస్టు. నిష్ఠూరంగా కాదు. ఉచ్చారణ సరిచూసుకుంటున్నట్టు.

"నేనే."

*

ఆ సాయంత్రం ఇంట్లో కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చిందో మర్చిపోయింది. కుళాయి విప్పి, చేతులు కడుక్కోకుండానే కట్టేసింది. ఆడపడుచు ఆమె భుజాలు పట్టి స్టూలు మీద కూర్చోబెట్టి సంగతి రాబట్టింది.

"ఆవిడవి వచ్చేస్తాయిగా?"

"రావచ్చు. ఆవిడ గురించి కాదు. ఈ రెండేళ్ళలో ఎంతమంది వెళ్ళారో! అందరూ అది చదివే వెళ్ళారు. నేను రాసినట్టే చేసి ఉంటారు, పాపం. పొల్లుపోకుండా."

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"ఒక్కళ్ళూ చెయ్యలేదు. తమదే పొరపాటని అనుకుని ఉంటారు. నేను కూడా ఇవాళ ఆవిణ్ణి అదే అన్నాను. టిక్కు మర్చిపోయారన్నాను."

ఆడపడుచు గోళ్ళు చూసుకుంటూ మామూలుగా అంది: "మా ల్యాబులో ఒకసారి రెండు సీసాల మీద చీటీలు తారుమారయ్యాయి. నేనే. ఒకాయనకి లేని రోగం ఉందని రిపోర్టు వెళ్ళింది. మర్నాటికి గాని చూసుకోలేదు. ముందు పెద్ద డాక్టరుకి చెప్పి, ఆయన పర్మిషను తీసుకుని, అప్పుడు ఫోను చేద్దామనుకున్నాను. మా సీనియరు నా చేతికి ఫోను ఇచ్చి, ముందు అతనికి చెయ్యి, ఆ తర్వాత డాక్టరు చేత తీరిగ్గా తిట్టించుకో అంది."

"చేశావా?"

"చేశాను. ఆయన తిట్టలేదు వదినా. ఆయన భార్య తిట్టింది. ఇరవై నిమిషాలు."

ఇద్దరూ నవ్వారు. ప్రశ్నలమ్మ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

*

గురువారం తొమ్మిదింటికే తాత దగ్గరికి వెళ్ళింది. పాతసామాన్ల గది పెట్టిన తర్వాత, అందులో ఫైళ్ళుండగానే ఖాతా మూసుకుని వెళ్ళినవాళ్ళు ఎంతమందో కావాలంది. తాత ఎందుకని అడగలేదు. పావుగంట టకటకలాడించి కాగితం తీసిచ్చాడు. యాభై మూడు పేర్లు.

"ఇందులో అటక మీద ఇంకా ఉన్నవి?"

అతను పెన్సిలుతో ఆరు పేర్ల పక్కన చుక్కలు పెట్టాడు. "వీళ్ళు తొంభై రోజుల లోపువాళ్ళు. వీళ్ళకి ఇవ్వగలను. మిగతావాళ్ళకి దేవుడు కూడా ఇవ్వలేడమ్మా."

ఆరుగురికి ముందు మెయిల్ రాసింది. మీవి ఇంకా ఉన్నాయి, ఇలా తీసుకోండి అని. తర్వాత నలభై ఏడు మందికి. ఆ ఉత్తరం మొదటి వాక్యం దగ్గరే గంట గడిచిపోయింది. 'సాంకేతిక కారణాల వల్ల' అని మొదలుపెట్టి కొట్టేసింది. 'మా పేజీలో దొర్లిన లోపం' అని రాసి అదీ కొట్టేసింది. దొర్లడానికి అదేం గులకరాయి కాదు. చివరికి ఉన్నదున్నట్టు రాసింది. మీరు వెళ్ళేటప్పుడు మీ పాత ఫైళ్ళు కొన్ని మీతో రాలేదు. మీరు ఏ పొరపాటూ చెయ్యలేదు. మీరు చూసి చేసిన సూచనలే తప్పు. వాటిని రాసింది నేను. ఆ ఫైళ్ళు ఇప్పుడు మా దగ్గర కూడా లేవు. కింద తన ఫోను నంబరు వేసింది.

తర్వాత పేజీ తెరిచి నలభై ఒకటిని తిరిగి పెట్టింది. ఈసారి ఎనిమిది మెట్లు. వెనక్కి రప్పించుకోవడం మొదటిది. ఉత్తుత్తి ఖాతాలో ప్రతి మెట్టూ చేసి చూశాకే రాసింది. జవాబుకి పైన ఒక వాక్యం పెట్టింది: రెండేళ్ళుగా ఇక్కడున్న పాత జవాబులో తప్పుంది, దాని ప్రకారం చేసినవాళ్ళు ఈ కింది నంబరుకి ఫోను చెయ్యగలరు.

మధ్యాహ్నం రెండింటికి మేనేజరు వచ్చాడు. ఈసారి కుర్చీ లాక్కోలేదు.

"మేడమ్, ఏమిటండీ ఇది? తీసెయ్యమన్నదాన్ని పెట్టడమే కాకుండా, పైన ఆ వాక్యమేమిటి? కంపెనీ తప్పు ఒప్పుకున్నట్టుంది."

"కంపెనీ కాదండీ, నేను ఒప్పుకున్నాను."

"అది ఇంకా అన్యాయం! ఉత్తరాలు కూడా పంపారట. నన్నొక మాట అడగక్కర్లేదా?"

"అడిగితే మీరు పైకి వెళ్ళి అడగాలి. వాళ్ళు సోమవారం చూద్దామంటారు. ఆరుగురివి ఇంకా అటక మీద ఉన్నాయి. అందులో ఒకరికి రేపటితో తొంభై రోజులు నిండిపోతాయి."

అతను చుట్టూ చూశాడు. ఫోన్ల దగ్గరి అమ్మాయి గబుక్కున తల దించుకుంది. "సరే. ఉత్తరాలు వెళ్ళిపోయాయి. పేజీలోది మాత్రం తీసెయ్యండి."

"మీరు తీసెయ్యండి," అంది ప్రశ్నలమ్మ. ఎదిరించాలని కాదు. కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మీకూ అధికారం ఉంది కదా. నేను ఒకసారి తీశాను. రెండోసారి నా వల్ల కాదు."

ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. అతను వంగి మౌసు పట్టుకున్నాడు. బాణంగుర్తు నలభై ఒకటి మీదికి వెళ్ళి నిలబడింది. ఆ పేజీలో ప్రతి జవాబు కిందా చివరిసారి ఎవరు మార్చారో పేరూ, సమయమూ సన్నటి అక్షరాల్లో పడుతుంది. అతను ఆ సన్నటి అక్షరాలు చదువుతున్నాడని ఆమెకి తెలిసింది. తర్వాత పైన ఉన్న వాక్యం చదివాడు. తర్వాత ఎనిమిది మెట్లూ, పెదవులు కదుపుతూ.

"ఆవిడవి వచ్చాయా? ఆ మాటలు నేర్పే ఆవిడవి?" అని అడిగాడు.

"ఇంకా లేదు."

అతను మౌసు వదిలేశాడు. "పైన నేను ఏదో ఒకటి చెప్పుకుంటాను," అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఏం చెప్పుకోవాలో మాత్రం తెలియడం లేదు," అన్నాడు.

*

శుక్రవారం పదకొండింటికి పైనుంచి మెయిల్ వచ్చింది. జవాబు ఉంటుంది. వాక్యం కూడా ఉంటుంది, అందులో కొన్ని మాటలు వకీలు దిద్దుతాడు. ఇకమీదట పేజీలో ఆమె ఏది మార్చినా ముందు ఇద్దరు చూసి సరేననాలి. ఆమె అంతకుముందులాగా పేజీ దిద్దబోతే తెర ఒప్పుకోలేదు. ఐదేళ్ళుగా తనింట్లో తిరిగినట్టు తిరిగిన చోటు. చదువుకోవచ్చు, అంతే. బాధగానే ఉంది. కానీ ఇద్దరు చూడాలన్న నియమం రెండేళ్ళ కిందట ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపించి, ఎవరినీ తిట్టుకోలేకపోయింది.

ఒంటిగంట అయింది, రెండయింది. పాతసామాన్ల గదిలోంచి థెరపిస్టు ఫైళ్ళు రాలేదు. ప్రశ్నలమ్మ నాలుగుసార్లు కిందికి దిగి, నాలుగుసార్లు పైకి ఎక్కింది. ఐదోసారి తాత, "మీరు కాసేపు కూర్చుంటే అవి త్వరగా వస్తాయమ్మా, నిజం," అన్నాడు. మెట్ల మీద కూర్చుంది. మూడూ నలభైకి థెరపిస్టు ఫోను చేసింది. ఏమీ మాట్లాడకుండా ఏదో వినిపించింది. గరగర, దూరంగా ఫ్యాను చప్పుడు, ఒక మగగొంతు బలమంతా కూడదీసుకుని, "బ... బ..." అంటోంది. తర్వాత థెరపిస్టు గొంతే, మూడేళ్ళ కిందటిది: చాలు, ఇవాళ్టికి చాలు.

"ఆయన ఇక్కడే ఉన్నారు," అంది ఇప్పటి థెరపిస్టు. "విన్నారు. రేపు వస్తానన్నారు."

మూట కట్టి, లెక్క సరిచూసి, ఐదున్నరకి ఆవిడ ఖాతా మూసేసింది.

ఉత్తరాలకి ఆ పాటికి పన్నెండు జవాబులు వచ్చాయి. అటక మీదున్న ఆరుగురిలో నలుగురు తీసుకున్నారు. ఒకతను కోర్టుకి వెళతానన్నాడు. ఒకావిడ, అసలు ఆ యాప్ సంగతే మర్చిపోయానని రాసింది. కొందరు ఏమీ అనకుండా ఫైళ్ళ జాబితా మాత్రం అడిగారు. ఒక్కొక్కదానికీ ప్రశ్నలమ్మ వరసగా రాస్తూ వచ్చింది.

ఆఫీసు ఖాళీ అవుతుండగా ఫోను మోగింది. పెద్దవయసు మగగొంతు. తేనెటీగలు పెంచేవాళ్ళమని చెప్పాడు. తనూ తమ్ముడూ కలిసి. ఏ పెట్టెలో ఏ రాణి ఉంది, దాని తల్లి ఏ పెట్టెది, ఏ ఏడు ఎంత తేనె ఇచ్చింది, అన్నీ యాప్‌లో రాసుకునేవాళ్ళు. ఏడాదిన్నర కిందట వేరే కంపెనీకి మారినప్పుడు మొదటి మూడేళ్ళవీ పోయాయి. ఆ మార్చే పని తమ్ముడు చేశాడు.

"మీ ఉత్తరం ఇవాళ చూశానమ్మా. మూడుసార్లు చదివాను. మీరు ఏ పొరపాటూ చెయ్యలేదని రాశారు కదా, అది నిజమేనా? మనసు కష్టపెట్టకూడదని రాసింది కాదు కదా?"

"నిజమేనండీ."

"వాడు అప్పుడు అదే అన్నాడు. అక్కడ రాసినట్టే చేశాను అన్నయ్యా అన్నాడు. నేను నమ్మలేదు. నువ్వు చిన్నప్పట్నుంచి ఇంతే, దేనిమీదా ధ్యాస ఉండదు అన్నాను. వాడి భార్య ముందే అన్నాను. సగం పెట్టెలు తీసుకుని వేరుపడ్డాడు. నా ఫోను ఎత్తడు. మీరు చేస్తే ఎత్తుతాడేమో. నంబరు ఇస్తాను, వాడికి ఒక్క మాట చెప్పగలరా? నేను చెబితే, నేను ఉత్తరం చూసి మారానంటాడు. అదీ నిజమేగా."

ప్రశ్నలమ్మ నంబరు రాసుకుంది. అంకెలు తిరిగి చదివి సరిచూసుకుంది. ఆయన ఫోను పెట్టేశాక, లేచి ఒకసారి కిటికీదాకా వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళబోయి, ఆగి, కూర్చుని నంబరు నొక్కింది.

ఆరుసార్లు మోగింది.

"ఎవరండీ?" అవతల గాలి, ఎక్కడో రేకు మీద రేకు పెట్టిన చప్పుడు.

"మీకు నేను తెలియదండీ. ఏడాదిన్నర కిందట మీరు తేనెటీగల లెక్కలు మా కంపెనీ నుంచి వేరే చోటికి మార్చారు. మా పేజీ చూసి చేశారు."

"అయితే?" గొంతు గట్టిపడింది.

"అక్కడ రాసినట్టే చేశానని మీ అన్నయ్యగారితో అన్నారట. నిజమేనండీ. మీరు అక్కడ రాసినట్టే చేశారు. అక్కడ రాసిందే తప్పు. అది రాసింది నేను."

రేకుల చప్పుడు ఆగిపోయింది.

"ఉండండి," అన్నాడు. ఫోను అరచేత్తో మూసి ఎవరినో పిలిచాడు, రమ్మని, పని పక్కన పెట్టి రమ్మని. అడుగుల చప్పుడు దగ్గరైంది. "మా ఆవిడ వచ్చింది. స్పీకరులో పెడుతున్నాను. ఇప్పుడు అన్నారే, ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పండి."

ప్రశ్నలమ్మ మళ్ళీ మొదటినుంచి చెప్పింది.